గంజితో అతికించిన భారతదేశం

సోమవారం మధ్యాహ్నం హెడ్మాస్టరు లచ్చయ్య సారు నెత్తిమీద భారతదేశం పడింది. కాశ్మీరం చెవికి తగిలింది, కన్యాకుమారి టీ గ్లాసులో మునిగింది. పిల్లలు కిటికీలోంచి చూశారు గానీ నవ్వలేదు.

తప్పు సారుదే. మందమర్రి అవతలి ఊళ్లో, బడి పక్కనే ఓపెన్‌కాస్ట్ గని, నేలను పైనుంచే తవ్విన పెద్ద గొయ్యి. బొగ్గు కోసం రోజూ మధ్యాహ్నం అక్కడ బ్లాస్టింగ్ చేస్తారు. ముందు సైరన్ మోగుతుంది. మోగగానే పిల్లలు అన్నం పళ్లేలతో సహా లేచి వేపచెట్టు కిందికి పోతారు. ఆ రోజు సారు మాత్రం టీ తాగి లేద్దామనుకున్నాడు. అంతలో గోడ అదిరి పటం ఊడింది.

పటం అతికించింది వంట చేసే శంకరవ్వ. "గంజి పల్చగైనట్టున్నది" అని ఆమె గాబరా పడింది.

ఆమె గాబరాకు కారణం వేరే ఉంది. మొగుడు భూమన్నతో కలిసి పత్తి వేసిన చేను ఇప్పుడా గోతిలో కలిసిపోయింది. అక్కడ తవ్వే బొగ్గు మీద సర్కారు వాటా వసూలు చేస్తుందనీ, అందులోంచి చుట్టుపక్కల బడులకూ ఇవ్వొచ్చనీ లచ్చయ్య సారు చెప్పాడు. పోయినేడు ఆ వాటా పట్నంలో ఫౌంటెన్ అయి కూర్చుంది. ఈసారి బడికి కొత్త గదులు అడిగారు. రేపొచ్చే ఇంజనీరు అవసరమేనని రాయాలి. రాయకపోతే ఈ బడి మూసేసి, పిల్లల్ని రోడ్డవతలి బడిలో కలుపుతారట. అది బొగ్గు లారీల రోడ్డు. మనవరాలు నవ్యశ్రీ రెండో తరగతి. ఆ పిల్ల రోడ్డు దాటడం తలచుకుంటేనే శంకరవ్వకు ముద్ద దిగడం లేదు.

అయినా ఇంజనీరంత పెద్దసారు వస్తుంటే బడి గలీజుగా ఉంటుందా? మర్నాడు తెల్లారగానే చిక్కటి గంజి కాచింది. గోడలకు సున్నం వేసి, పగులు కనబడ్డ చోటల్లా ఒక పటం అతికించింది. తొందరలో పటాలు అందించింది లచ్చయ్య సారే.

ఇంజనీరు అరుణ్‌కుమార్ వచ్చి, చుట్టూ చూసి మురిసిపోయాడు.

"గది మంచిగనే ఉన్నది గద సారూ! కొత్తవెందుకు?"

శంకరవ్వ లచ్చయ్య సారు దిక్కు చూసింది.

"పటాల ఎనుక పగుళ్లున్నయి సార్" అంటూ లచ్చయ్య సారు భారతదేశం పట్టుకు లాగాడు. అంచు కూడా లేవలేదు.

"ఇంత గట్టిగ అతికిచ్చినవేందవ్వా?" అన్నాడు గుసగుసగా.

"నిన్న మీ నెత్తిన పడ్డదని గద సారూ!"

"ముందుగాల అన్నం పెట్టుండ్రి" అని ఇంజనీరు ఆ పటం కిందే గోడవారగా కూర్చున్నాడు. శంకరవ్వ పప్పు వడ్డించింది. ఇక అంతా అయిపోయింది. మంచిగున్నదని రాసుకుని పోతాడు.

సైరన్ మోగింది. పిల్లలు పళ్లేలతో లేచారు, లచ్చయ్య సారు లేచాడు, శంకరవ్వ పప్పు గిన్నెతో లేచింది. అందరూ చెట్టు కిందికి చేరాక గానీ ఇంజనీరు లోపలే ఉన్నాడని ఎవరికీ తట్టలేదు. పిలుద్దామని ఆమె నోరు తెరిచేసరికి నేల ఊగింది.

ఎంత లాగినా రాని భారతదేశం, ఈసారి గోడ పెచ్చుతో సహా ఊడి వచ్చింది. దెబ్బేం తగల్లేదు గానీ, ఇంజనీరు తల నెరిసినట్టయి, సున్నం నిండిన పళ్లెంతో గుమ్మంలోకి వచ్చాడు. వెనుక గోడలో చేయి పట్టేంత పగులు.

"అందరూ ఉరికిండ్రు, నన్నొక్కన్ని పిలువరాదమ్మా?" అని అరిచాడు.

శంకరవ్వ గిన్నె మీద మూత సర్దింది.

"గది మంచిగున్నదంటిరి గద సారూ, మీకెందుకు ఫికరనుకున్న."