లావు గీత, రెండు సంతకాలు

సోమవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి మొదలైంది గొడవ. ఆ రోజుల్లో నేను గడియారం చూడకుండా తప్పు కూడా చేసేదాన్ని కాదు. బెజవాడ వన్‌టౌన్‌లో అన్నదమ్ములిద్దరు నడిపే హోల్‌సేల్ బట్టల కొట్లో చేరి ఆరు నెలలు నిండబోతున్నాయి. నన్ను పర్మనెంటు చేస్తారో, ఇంటికి పంపుతారో ఆ శనివారం తేలాలి. సరుకు వచ్చిన దగ్గర్నుంచి లారీ ఎక్కేదాకా ఏ పని తర్వాత ఏ పనో డబ్బాలు, బాణాలతో గీసిన పాత కాగితాలు ముప్పై ఆరు ఉండేవి. కొత్తగా కొన్న కంప్యూటరును అమర్చడానికి హైదరాబాదు నుంచి వచ్చినాయన, ఆ బొమ్మలు పనికిరావని, తన పుస్తకంలోని గుర్తులతో మళ్ళీ గీయమని నాకు అప్పజెప్పాడు. పదకొండు రోజుల్లో ఒక్క చెరుపు లేకుండా గీసిచ్చాను (ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా అందరికీ చెప్పాను). ఆయన వాటినే కంప్యూటరులోకి ఎక్కించి వెళ్ళాడు.

పాత పద్ధతిలో రెండు బాణాలు ఒక డబ్బాలోకి వస్తే, ఏ ఒక్కటి వచ్చినా పని సాగుతుంది. కొత్త పద్ధతిలో అవి కలిసేచోట లావు గీత వేస్తే, రెండూ వచ్చేదాకా పని ఆగుతుంది. ఆ పేజీ చదవకుండా, చూడ్డానికి నిండుగా ఉందని, సరుకు పంపే కాగితం మీద లావు గీత వేసేశాను. పెద్దాయనో చిన్నాయనో ఒకరు సంతకం చేస్తే చాలే కొట్లో, ఇద్దరూ చేస్తేగాని లారీతో పంపే చలానా ఇవ్వనంది కంప్యూటరు. వాళ్ళకేమో నాలుగేళ్ళుగా మాటల్లేవు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, గుమాస్తా గారి ద్వారా మాట్లాడుకునేవారు. బయట పామర్రు లారీ హారన్ కొడుతోంది. అందులో వెళ్ళాల్సినవి ఆ సాయంత్రం పెళ్ళిలో చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు.

"ఇద్దరూ సంతకం పెట్టారని కంప్యూటర్లో కొట్టెయ్యమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నారు గుమాస్తా గారు.

"పెట్టని సంతకం పెట్టారని ఎట్టా కొట్టేదండీ?" అన్నాను (ఉద్యోగం పోయేలా ఉన్నా ఆ పొగరు పోలేదు). తప్పు నాదేనని ఒప్పుకుని, కాగితం పట్టుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన సంతకం చేసి, "గుమాస్తా గారూ, ఆయన్నీ పెట్టమనండి" అన్నారు.

"చూడకుండా పెట్టనని చెప్పండి," అన్నారు చిన్నాయన. "పామర్రు వాళ్ళు అడిగింది నలభై చీరలు. కట్టింది ముప్పై ఎనిమిదే."

గుమాస్తా గారు నోరు తెరిచేలోపే పెద్దాయన లేచారు. "ముప్పై ఎనిమిదేంట్రా? కళ్ళజోడు పెట్టుకుని చూడు!"

"నువ్వే చూడు! ఆ రెండూ నీ వెనకాల బల్ల మీదే ఉన్నాయి."

మేమంతా ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. ఇద్దరూ లెక్కపెట్టారు, తిట్టుకున్నారు, మళ్ళీ లెక్కపెట్టారు. చిన్నాయన మాటే నిజమైంది. ఆయన సంతకం చేశాక, పెద్దాయన నావైపు తిరిగి, "ఏమ్మాయ్, ఆ గీత దిద్దుతావా?" అన్నారు.

"గురువారం హైదరాబాదు ఆయన వస్తారు, దిద్దిస్తానండీ."

"దిద్దబాక. వీడు చూడందే సరుకు పంపితే ఇట్టాగే ఉంటది."

"ఇప్పటికన్నా తెలిసిందా?" అన్నారు చిన్నాయన.

శనివారం నన్ను పర్మనెంటు చేశారు. ముప్పై ఒక్కేళ్ళు అక్కడే పనిచేశాను. ఎన్ని కంప్యూటర్లు మారినా ఆ గీత మాత్రం దిద్దనివ్వలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ కాగితం కనబడినప్పుడల్లా నా చెయ్యి రబ్బరు కోసం వెతికేది. ఆ రోజు పోయినవి: లారీకి రెండు గంటల పది నిమిషాలు, చల్లారిన కాఫీలు మూడు, గుమాస్తా గారికి మాటలు మోసే పని, తప్పు చేయని పిల్లనని నాకున్న పేరు.