బావ కూర్చున్న వైపు చక్రం

దయ్యాలు, గాలి, ధూళి అంటే నాకు నవ్వు వచ్చేది. గోదావరిఖనిలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నాది. మొరాయించే ఇంజనుకు నిమ్మకాయలు కట్టి తెచ్చేవాళ్లను, ముందు డీజిల్ ఫిల్టర్ మార్చుకోండయ్యా అని చీవాట్లు పెట్టేవాణ్ణి. ఇది చదివి మీరు నన్ను చూసి నవ్వినా నేనేమీ అనుకోను. నా చేతికి తగిలిందే చెబుతున్నాను.

తెలంగాణ రాష్ట్రం రాకముందు జరిగిన సమ్మక్క జాతర అది. దానికి నాలుగు నెలల ముందు మా బావ పనిచేసే బాయిలో, అంటే బొగ్గుగనిలో, కప్పు బండ కూలింది. బావ, ఆయన జోడి మల్లేశం ఇద్దరూ దాని కింద చిక్కుకున్నారు. బావ ప్రాణాలతో బయటికొచ్చాడు. మల్లేశం రాలేదు. తీసేటప్పటికి ఇద్దరి చేతులూ పెనవేసుకుని ఉన్నాయట. విడదీయడానికి చాలాసేపు పట్టిందని చెప్పారు.

దెబ్బలు మానాయి గానీ బావ మాకు దొరకలేదు. ఇల్లంతా నవ్వించే మనిషి మాట మానేశాడు. డ్యూటీకి పోలేదు. ఎడమ భుజం కిందికి వాల్చి, ఏదో మోస్తున్నట్టు నడిచేవాడు. అక్క సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కింది. ఆ జాతరలో బంగారమంటే బెల్లం. మనిషిని కాంటా మీద తూచి, అంత బరువు బెల్లం ఇవ్వాలి.

"నా మనిషిని నాకు మునుపటి లెక్క ఇయ్యమని మొక్కిన తమ్మీ. నువ్వు ట్రాక్టర్ తియ్యి, పోదాం," అంది.

ట్రాలీ మీద వెదురు బద్దలు వంచి తాడిపత్రి కప్పాను. మూడు రోజులు వండుకోవడం, పడుకోవడం అందులోనే. రెండు చక్రాల ట్రాలీ. బయలుదేరే ముందురోజు రెండు చక్రాలకూ కొత్త బేరింగులు వేసి, గ్రీజు పెట్టి, నా చేత్తోనే బిగించాను.

ఆగినచోటల్లా చక్రం నడుమ ఉండే హబ్బుకు చేతి వెనకవైపు ఆనించి చూడటం నా అలవాటు. పది లెక్కపెట్టేదాకా చెయ్యి ఓర్చుకుంటే బేరింగు బాగున్నట్టే. మంథని దాటాక టీకి ఆగి చూస్తే కుడి హబ్బు గోరువెచ్చగా ఉంది. ఎడమది రెండు కూడా లెక్కపెట్టనివ్వలేదు. నీళ్లు చల్లితే చుయ్యిమంది.

నట్టు ఎక్కువ బిగించానేమో అనుకున్నాను. జాకీ ఎత్తి చక్రం తిప్పితే గరగర లేదు, పట్టుకుని ఊపితే కదలిక లేదు. అయినా ఒక గాడి వదులు చేసి పిన్ను పెట్టాను. కొంత దూరం పోయాక మళ్లీ అదే మంట. ఒళ్లు మండి, బేరింగులతో సహా హబ్బులు రెండూ ఊడదీసి, అటుది ఇటు, ఇటుది అటు మార్చేశాను. తప్పు వాటిదైతే వేడి కుడివైపుకు పోవాలి. పోలేదు. అయితే ఇరుసే వంగిందని తేల్చుకుని, ఆ ట్రాలీ నాకు అంటగట్టినవాణ్ణి నోరారా తిట్టుకున్నాను.

అప్పటిదాకా ఎడమవైపు కూర్చున్న బావ, మధ్యాహ్నం ఎండ మొహాన పడుతోందని లేచి కుడివైపు కూర్చున్నాడు. కాటారం దగ్గర ఆగి చూస్తే ఎడమ హబ్బు చల్లబడింది. కుడిది కాలిపోతోంది.

బియ్యం మూట, వంట సామాను ఎడమకు జరిపి చూశాను. తేడా లేదు. అప్పుడు గమనించాను, ట్రాలీ కుడి మూలకు ఒరిగి ఉంది. ఆ వైపు టైరు బరువుకు అణిగి పక్కలకు ఉబ్బి ఉంది. ఆ మూలన ఉన్నది బావ ఒక్కడే. దవాఖాన చీటీలో ఆయన బరువు యాభై ఎనిమిది కిలోలు.

"బావా, జర నా దిక్కు వచ్చి మడ్‌గార్డు మీద కూసో," అన్నాను. వచ్చి కూర్చున్నాడు. అక్కడి నుంచి ట్రాలీ హబ్బులు రెండూ చల్లబడ్డాయి. ట్రాక్టర్ మాత్రం దారి పొడవునా ఆయన వైపే లాగింది. స్టీరింగు పట్టి పట్టి నా రెక్కలు నొప్పి పుట్టాయి.

దారిలో బావ ఒక్కసారే నోరు విప్పాడు. "జర జరుగు. పడిపోతున్న," అన్నాడు. నాతో కాదు. తన పక్కన ఖాళీ వైపు చూసి అన్నాడు. నేను మళ్లీ అటు తిరగలేదు.

తెల్లారి జాతరలో, బెల్లం దుకాణం ముందు బావను కాంటా ఎక్కించాం. నూట ఇరవై ఒకటి చూపించింది.

"ఇంకెవలన్న కాలు పెట్టిన్రా? దిగుండ్రి," అని దుకాణం ఆయన కసిరాడు. ఎవరూ లేరు. తనే ఎక్కి చూసుకుని కాంటా సరిగ్గానే ఉందన్నాడు. బావను మళ్లీ ఎక్కిస్తే మళ్లీ నూట ఇరవై ఒకటే.

నేను వెనక్కి పోదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. "ఎవల బరువైతే ఏంది? ఎంత సూపిస్తే అంత ఇద్దాం. ఆయన మీదికెల్లి దిగితే సాలు."

అంత బెల్లమూ మోయించి, అమ్మవార్లు కొలువుండే గద్దెల దగ్గర సమర్పించాం. బావ మోకరిల్లి లేచేసరికి వాలిన భుజం నిటారుగా ఉంది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. అక్క బోరున ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

తిరిగి వస్తూ అక్క పట్టుబట్టి అదే కాంటా మీద ఆయన్ను ఇంకోసారి నిలబెట్టింది. అరవై మూడు. "సూసినవా, ఐదు కిలోలు పెరిగిండు! తిన్నది వంటికి పట్టింది," అని మురిసిపోయింది. నాకు మాత్రం లెక్క వేరేగా తేలింది. నూట ఇరవై ఒకటిలోంచి బావ యాభై ఎనిమిదీ తీసేస్తే మిగిలేది అరవై మూడు.

ఇంటిదాకా ఏ హబ్బూ వేడెక్కలేదు. నీళ్లకు ఆగినప్పుడు బావ నా దగ్గరికొచ్చి, "ఇంకెంత దూరం అన్నా?" అని అడిగాడు. ఆయన నన్ను ఎన్నడూ అన్నా అనలేదు. బామ్మర్దీ అనేవాడు. అన్నా అని పిలిచేది మల్లేశం.

కొత్త బేరింగులు వేడెక్కి సర్దుకోవచ్చు. టైరులో గాలి తగ్గొచ్చు. కాంటా తప్పు చూపొచ్చు. విడివిడిగా అడిగితే అన్నిటికీ జవాబు చెప్పగలను. కలిపి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

బావ డ్యూటీకి పోతున్నాడు. నవ్వుతాడు, నవ్విస్తాడు. అక్క సుఖంగా ఉంది. మొక్కు ఫలించింది కదా తమ్మీ అంటే, అవునక్కా అంటాను. ఆ ఇంట్లో మాత్రం నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఆ తీసివేత అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.