వాల్టర్ గారి తొమ్మిది ఆటలు

మొన్న మందుల షాపులో అమ్మ మోకాళ్లకు నొప్పుల మందు కొంటూ మూత తీసి వాసన చూశాను. ముక్కుపుటాలు మండించే ఆ ఘాటుకు, నిలబడ్డచోటే, అమెరికాలో, నా ఎనిమిదో ఏట మేముండే నోవైలో, మా పక్కింటి వంటగదిలోకి వెళ్లిపోయాను. ఆ ఇంట్లో వాల్టర్ గారు ఒక్కరే ఉండేవారు. డెబ్బై దాటినా తలుపంత వెడల్పు భుజాలు, ఎడమకు ఒరిగిన ముక్కు, కనుబొమల మీద కుట్ల గుర్తులు. ముందుపళ్లు ఒక్కటీ లేవు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన ముసలాయన అనుకున్నామే గానీ, అంతకుముందు, హెల్మెట్ అన్నదే ఎవరూ పెట్టుకోని రోజుల్లో, ఐస్ హాకీ ఆడి పొట్టపోసుకున్న మనిషని చాన్నాళ్లు మాకు తెలియదు.

డిసెంబరులో నేల బిగుసుకోగానే ఆయన పెరటి చుట్టూ చెక్క పలకలు నిలబెట్టి, గొట్టంతో పలచగా నీళ్లు చల్లి, అవి గడ్డకట్టాక మళ్లీ చల్లి, పొర మీద పొరగా వారం రోజుల్లో అద్దంలాంటి మంచునేల తయారుచేసేవారు. వీధి పిల్లలతో పాటు నేనూ అన్న రవీ రెండు స్వెటర్ల మీద కోట్లు బిగించుకుని, పడుతూ లేస్తూ, చెవులు ఎర్రబడేదాకా ఆడి, ఆయన వంటగదిలో చేతులు కాచుకునేవాళ్లం. తడిసిన ఉన్ని, టమాటా సూపు, ఆయన మోకాలికి రుద్దుకునే మందు, అన్నీ కలిసిన వాసన అది. అమ్మ సకినాలు చుట్టిన రోజు మొదటి పళ్లెం ఆయనకే. “పండ్లు లేవు గద పాపం, చాయ్‌ల నానవెట్టుకొమ్మను బిడ్డా” అని పంపేది. ఆయన బుద్ధిగా నానబెట్టుకుని, నువ్వుల రుచికి కళ్లు మూసుకునేవారు.

తింటూనే తన కథ చెప్పేవారు. పదిహేడో ఏట చదువు మానేసి, చిన్న ఊళ్ల జట్లలో పదకొండేళ్లు, బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోతూ ఆడారట; వేసవి వస్తే కలప మిల్లులో పని. చివరికి పెద్ద లీగ్‌లో ఎవరో గాయపడితే పిలుపు వచ్చింది. తొమ్మిది ఆటలు ఆడారు. ఎనిమిదో ఆటలో గోల్ కొట్టారు. తొమ్మిదో ఆటలో ఇద్దరి మధ్య నలిగి మోకాలు విరిగింది, తల మంచునేల చుట్టూ ఉండే గోడకు కొట్టుకుంది. ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి జట్టు రైలెక్కి వెళ్లిపోయింది. ఆయన బట్టల సంచీ మంచం కింద ఉంది.

“మీకు కోపం రాలేదా?” అని అడిగాను.

“ఎవరి మీద? నేను కూడా ఇంకొకడి కాలు విరిగితేనే కదా వెళ్లింది” అన్నారు.

నాకు పదేళ్లొచ్చిన చలికాలం ఆ కథలోంచి ముక్కలు రాలిపోవడం మొదలైంది. మిల్లు పోయింది, రైలు పోయింది. మరిచిన ముక్కల్ని రవి అందించబోతే చిన్నపిల్లాడిలా వినేవారు. ఒకరోజు “తర్వాత ఆ కుర్రాడు ఏమయ్యాడు?” అని వాడినే అడిగారు. రవి ఏడుస్తూ ఇంటికొచ్చాడు. తలకు తగిలిన పాత దెబ్బలే కారణమని డాక్టరు చెప్పారని తర్వాత తెలిసింది.

మరుసటి డిసెంబరులో ఆయన గొట్టం బయటికి తీయలేదు. ఒక మధ్యాహ్నం తన స్కేట్లు, అడుగున బ్లేడ్లున్న ఆ బూట్లు, పట్టుకుని మా తలుపు కొట్టారు. లేసులు ఎలా కట్టుకోవాలో మరిచిపోయారు. కిటికీ తెర వెనక నుంచి చూశాను. నా పేరు కూడా అడుగుతారేమోనని భయం వేసింది.

“హోంవర్క్ చేస్తున్నా అని చెప్పు మమ్మీ, ప్లీజ్.”

“గింత పని గూడ చెయ్యవా?” అంది అమ్మ. తానే బయటికి వెళ్లి, మెట్ల మీద కూర్చుని, ఎన్నడూ కట్టని లేసులు ఎలాగో కట్టింది. ఆయన తన పెరట్లోకి నడిచి, మంచు లేని గడ్డి మీద, బ్లేడ్లు మట్టిలో దిగబడుతుంటే, చాలాసేపు అలాగే నిలబడ్డారు. నేను తెర వదిలేశాను.

జనవరిలో ఆయన కూతురు వచ్చి, తానుండే ఒహాయోకు తీసుకెళ్లింది. ఏడాది తిరక్కుండానే పోయారు. పేపర్లో మరణ ప్రకటన నాన్న చదివారు: ఫ్యాక్టరీ ఉద్యోగి, భర్త, తండ్రి. హాకీ మాటే లేదు. నాన్న ఆ కూతురికి పలకరింపుగా ఫోన్ చేసి ఆ సంగతి అడిగితే, “చివరికి మా నాన్నకు నేనెవరో తెలియకుండా చేసింది ఆ ఆటే. దాని పేరు నేను రాయను” అందట ఆమె.

మందు కొన్న రోజే మా ఆ పాత వీధికి వెళ్లాను. పెరడంతా రాళ్లు పరిచారు. చలికాలాలు కూడా మునుపటిలా బిగుసుకోవడం లేదు. పిల్లలు ఆటకు కార్లలో కప్పు కింద మంచు పరిచిన ఇండోర్ రింక్‌కి వెళ్తారు. ఆ ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది మన తెలుగువాళ్లే. తలుపు తీసిన అబ్బాయికి వాల్టర్ గారి సంగతి చెప్పాను.

“హాకీ ప్లేయరా? ఇల్లు కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదండీ. ఏ టీమ్?” అన్నాడు ఆ అబ్బాయి ఉత్సాహంగా.

చెప్పబోయి ఆగిపోయాను. గుర్తు రాలేదు. ఆ గోల్ ఏ ఊళ్లో కొట్టారో అదీ రాలేదు. అక్కడే నిలబడి రవికి ఫోన్ చేశాను.

వాడికీ గుర్తు లేదు.