మా చెల్లెలు బస్సు వెనక్కి తీసిన వైనం

మా చెల్లెలు బస్సుల షెడ్డులో బస్సులు కడిగేది. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ బకెట్టు మీదే సాకింది. నలభై దాటాక దాని కన్ను డ్రైవరు సీటు మీద పడింది. ముందుకు తోలడం ఇట్టే వచ్చేసింది, మా వంశంలో చేతకాని వాళ్లెవరూ లేరు. వెనక్కి తీయడమే కొరుకుడు పడలేదు.

పడుతుందా మరి! ఆ షెడ్డులో ఎవరు బస్సు వెనక్కి తీసినా నలుగురు మూగుతారు. ఒకడు "రానీ, రానీ" అంటాడు. ఇంకొకడు "కుడికి కొట్టు" అంటాడు. మూడోవాడు బస్సు వీపు మీద దరువేస్తాడు. ఇది అందరి మాటా విని, బస్సును తీసుకెళ్లి గోడకు గుద్దింది.

ఓనరు మండిపడ్డాడు. "ఆదివారం నా కళ్లముందు ఆ రెండు బస్సుల మధ్యకి వెనక్కి తీసి పెట్టి చూపించు. గీత పడిందో, మళ్లీ బకెట్టే. ఇంక సీటు మాటెత్తకు."

అప్పట్నుంచి బస్సులన్నీ రోడ్డెక్కాక ఒక పాత బస్సు తీసి, రెండు డ్రమ్ములు నిలబెట్టి, ఆ ఒక్క మలుపే తిప్పేది. అద్దాల్లోకి తప్ప ఎటూ చూసేది కాదు. ఫోను నా ఒళ్లో పడేసేది. గట్టు మీద కూర్చుని నేను ఊరుకుంటానా?

"ఏమే, ముందుకు పోయే గేర్లు ఊడిపోయాయా?"

"అక్కా, నీకు దండం పెడతా. కాసేపు నోరు కట్టేసుకో."

నన్ను! మా అత్తగారి వల్లే కాలేదు ఆ పని. అయినా కట్టేసుకున్నాను, దాని మొహం చూసి. రెప్ప కూడా దాన్ని అడిగే వాలుతున్నట్టుంది. డ్రమ్ము తగిలితే దిగేది, తగిలిన చోటు వేలితో తడిమి, మళ్లీ ఎక్కేది. వాన మొదలైన సంగతి కూడా దానికి తెలియలేదు. నేను మాత్రం తడిసి ముద్దయ్యాను.

ఆదివారం షెడ్డంతా పోగైంది. బస్సు కదలగానే అలవాటుకొద్దీ అందరూ అందుకున్నారు.

"రానీ, రానీ!"

"ఎడమకి కొట్టమ్మా!"

"ఆపు, ఆపు, తగిలింది!"

తగల్లేదు. బస్సు ఆగనూ లేదు, తడబడనూ లేదు. అంత ఇనుము, తన చోటు తనకు తెలిసినట్టు, ఆ సందులోకి మెత్తగా జారింది. అరిచిన నోళ్లన్నీ తెరుచుకునే ఉన్నాయి.

ఓనరు అటు అరచెయ్యి దూర్చాడు, ఇటు అరచెయ్యి దూర్చాడు. రెండు వైపులా సమంగా ఉంది.

"రేపట్నుంచి బడిపిల్లల ట్రిప్పు నీదేనమ్మా."

ఇది మాత్రం స్టీరింగు పట్టుకుని ఇంకా అద్దంలోకే చూస్తోంది. నేనే వెళ్లి తలుపు బాదాను.

"దిగవే, అయిపోయింది!"

అప్పుడు తల తిప్పింది. "ఎవరైనా ఏమన్నా అన్నారా అక్కా?"

ఓనరు మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది.