నేను చింపేసిన చివరి అధ్యాయం

ఏళ్ల తరబడి కడుపులో దాచుకున్న మాట ఇది. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. మా చెల్లెలి నవల్లో చివరి అధ్యాయం చింపేసింది నేనే.

అప్పుడది డిగ్రీ చదువుతోంది. డిప్రెషన్ అన్నారు డాక్టరుగారు. చకచకా లేసు అల్లే చేతులు ఒళ్లో ఊరికే పడి ఉండేవి. సరదాగా చదువుకుంటుందని ఓ మాయల నవల కొన్నాను. అందులో పడవ నడిపే అమ్మాయికీ ఇదే జబ్బు. నీడ అనే రాక్షసి ఆమెను వదలదు. నాకో పాడు అలవాటుంది, ఏ పుస్తకమైనా ముందు చివర చదివేస్తాను. చదివితే ఏముంది? నీడ చావలేదు, మళ్లీ వచ్చింది! ఇది చూస్తే చెల్లెలు ఏమైపోతుంది? చింపేశాను. పారేయడానికి మాత్రం చెయ్యి రాక, బీరువాలో చీరల కింద పెట్టాను.

"అక్కా, చివరి పేజీలేవే?"

"నేను చదువుతుంటేనే ఊడిపోయాయే. నీడ గోదాట్లో కరిగిపోతుందిలే."

"మళ్లీ రాదా?"

"రానే రాదు."

దాని మొహం వెలిగిపోయింది. మందులూ పనిచేశాయి. అన్నవరం వెళ్లి వ్రతం చేయించి మొక్కు తీర్చుకున్నాం, ప్రసాదం పోటీలు పడి తిన్నాం. అక్కడే వచ్చింది చిక్కు. మొక్కు కూడా తీర్చేశాక, జబ్బు మళ్లీ వచ్చిందని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసింది. తలనొప్పి అని తలుపేసుకునేది. నాకు తెలుసు. తెలిసీ ఎందుకు ఊరుకున్నాను? దాని కోసమా, నా అబద్ధం కోసమా? ఇప్పటికీ తేల్చుకోలేను.

నిన్న నరసాపురం రేవులో ఇద్దరం గోదారి దాటడానికి, బైకుల్ని కూడా ఎక్కించుకునే పంటు ఎక్కాం. "తలనొప్పి అక్కా" అంది. ఇక ఉండలేక చెప్పేద్దామని బ్యాగులో వేసుకొచ్చిన ఆ పేజీలు తీసి చేతిలో పెట్టాను, చింపింది నేనేనని చెప్పాను. అక్కడే చదివింది. తిరిగొచ్చిన నీడతో ఆ అమ్మాయి అంటుంది: "వచ్చావా? సరే, ఆ మూల కూర్చో. తెడ్డు మాత్రం నాది."

పకపకా నవ్వింది చెల్లెలు. బైకుల వాళ్లందరూ తిరిగి చూశారు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! సంతోషంతో నాకు ఏడుపొచ్చేసింది.

"ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే ఓడిపోయాననుకున్నానే. నీ వల్లే" అంది, నవ్వు ఆపి. పర్లేదు అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

పేజీలు మడిచి తన బ్యాగులో పెట్టుకుని, "రేపు డాక్టరుగారికి ఫోన్ చెయ్యి" అంది. తర్వాత నన్ను మోచేత్తో పొడిచి, "కాస్త జరుగు, దానికీ చోటివ్వాలి కదా" అంది.

జరిగాను.