బాత్రూంలో జారిపడిన ముక్కు

ఒక్క చిన్న అబద్ధంతో కట్టుకున్నవాణ్ని రోకలి దెబ్బల దాకా తీసుకుపోయిన ఘనురాలిని నేను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వడం, నవ్వకపోవడం మీ ఇష్టం. నాకైతే అప్పుడు నవ్వే హక్కు కూడా లేదు, డాక్టరు వద్దన్నాడు.

ముందు నా పాత ముక్కు సంగతి. చిన్నప్పుడు ఎద్దుల బండి మీంచి పడితే అది నడుమ విరిగి, ట్రాక్టరుకు దారిచ్చిన సైకిల్‌లా ఒక పక్కకు ఒరిగిపోయింది. బడి కూడా త్వరగానే మానేశాను. ముక్కు వల్ల కాదు, లెక్కల వల్ల. గద్వాలలో కుట్టుమిషను పెట్టుకుని, "జాకెట్ వంకర పోతదని భయపడకున్రి, ఇంట్ల ఉన్న వంకరంత నా ముక్కుకే అయిపోయింది" అంటే వచ్చినవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ఇంకొకరు అనేలోపు మనమే అనేస్తే వాళ్ల నోటికి పని ఉండదు. ఆ ఉపాయంతోనే చాలాకాలం నెట్టుకొచ్చాను. కానీ అద్దం ముందు ఒక్కదాన్నే నిలబడినప్పుడు ఆ జోకులు ఎవరికి చెప్పుకోను?

చివరికి మా ఆయన శేఖర్‌కు చెప్పాను. ధరూర్ రోడ్డు మీద షేర్ ఆటో నడిపే మనిషి, తొందరగా ఏదీ అనడు. కాసేపు ఆలోచించి, "నాకు గీ ముక్కు అలవాటైంది. నీకు ఇష్టమైతే చేయించుకో, కొత్తదానికి గూడ అలవాటైత" అన్నాడు.

ఎవరికీ తెలియకూడదని నేను షరతు పెట్టాను. నన్ను చూసి ఎంత నవ్వినా ఓర్చుకుంటాను. నేను మనసుపడి కోరుకున్నదాన్ని చూసి నవ్వితే మాత్రం ఓర్చుకోలేను. అందుకని మగ్గం పని నేర్చుకోవడానికి నాగర్‌కర్నూల్ పోతున్నామని వాడలో చెప్పి, హైదరాబాద్ బస్సెక్కాం.

ఆపరేషన్ అయ్యాక డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. తల ఎత్తులో పెట్టి పడుకోవాలి. వంగకూడదు. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. పగలబడి నవ్వకూడదు. కళ్ల చుట్టూ వాపూ నలుపూ వస్తాయి, వాటంతటవే పోతాయి. అన్నీ చెప్పిన ఆ మహానుభావుడు పక్కింటివాళ్లకు ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు.

ఇల్లు చేరిన మర్నాడే పక్కింటి యాదమ్మక్క వచ్చింది. అప్పటికి నా కళ్లు రెండు గుత్తివంకాయల్లా ఉన్నాయి, నడుమ ముక్కు మీద తెల్లటి పట్టీ.

"ఏందే సునీతా, మొగమంత గట్లయింది?"

"బాత్రూంల జారిపడ్డక్కా."

"జారిపడితే రెండు కండ్లు నల్లగైనయా?"

"బోర్ల పడ్డ."

లోపల నా కోసం గుడ్డలో ఐసు కడుతున్న శేఖర్ వైపు ఆమె ఒకసారి చూసింది. ఇంకేమీ అడక్కుండా నా చెయ్యి నొక్కి వెళ్లిపోయింది. ఎంత బాగా నమ్మించానో అని మురిసిపోయాను.

మధ్యాహ్నం వాళ్లింట్లో మిరపకాయల పోపు పడింది. నాకు తుమ్ము వచ్చింది. డాక్టరు చెప్పినట్టే నోరంతా తెరిచి తుమ్మితే అది తుమ్ములా లేదు, బర్రె అరుపులా ఉంది. వెంటనే శేఖర్ గొంతు: "నోరు తెరువు. ఇంక తెరువు." గోడ అవతల యాదమ్మక్క అది విని ఏమనుకుందో మీకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆమె నేరుగా ధరూర్‌లో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ కొట్టింది. అమ్మ పోయాక నన్ను పెంచింది పెద్దమ్మే.

సాయంత్రం ధరూర్‌లో పెద్దమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆటో ఎక్కారు. అది ఎవరి ఆటో అనుకున్నారు? నా తుమ్ములు తగ్గాక బండి తీసుకుని పోయిన మా ఆయనదే.

"అత్తా, గా రోకలెందుకు?" అన్నాడట.

"పనుంది. నువ్వు ముందల చూసి నడుపు."

పెద్దవాళ్లకు కుదుపు తగలకూడదని గుంత గుంతకూ బండి ఆపి ఆపి, తనను కొట్టడానికి వస్తున్నవాళ్లను పదిలంగా ఇంటికి చేర్చాడు. దార్లోనే ఎందుకు కొట్టలేదని తర్వాత పెద్దమ్మను అడిగాను. "నడిపేటోన్ని కొడితే మేం గూడ పడమా?" అంది.

గుమ్మంలోంచే పెద్దమ్మ ఏడుస్తూ వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేయబోయింది. ముక్కుకు ఎక్కడ తగులుతుందోనని చేతులు అడ్డం పెట్టి వెనక్కి జరిగాను.

"చూసిన్రా? మనిషి దగ్గరికొస్తే చాలు, దడుసుకుంటది."

శేఖర్ గబగబా నా వీపు వెనక దిండ్లు సర్ది, ఐసు అందించాడు.

"కొట్టినంక ఐసు పెట్టుడు గూడ ఉంటదిలే. నాకు తెల్వదా?" అంటూ పెద్దమ్మ రోకలి ఎత్తింది. శేఖర్ కుట్టుమిషను వెనక్కి పోయాడు.

"పెద్దమ్మా ఆగు. నిజంగనే బాత్రూంల జారిపడ్డ."

ఆ మాట వినగానే రోకలి కిందికి దిగింది. పెద్దమ్మ మంచం పట్టె మీద కూర్చుంది.

"నేను గూడ గదే చెప్తుంటి బిడ్డా. మీ పెదనాయన ఉన్నన్ని రోజులు అడిగినోళ్లకల్లా గదే చెప్పిన. అప్పట్ల మాకు బాత్రూం లేకుండె, బాయి కాడ జారిపడ్డ అంటుంటి. అందరు సరే అని పోయిన్రు. ఒక్కరు గూడ రోకలి పట్టుకొని రాలె."

ముక్కు దాచుకోవడానికి చేతికందిన అబద్ధం తీసుకున్నాను. అది ఎంతమంది ఆడవాళ్లు వాడి వాడి అరగదీసిన అబద్ధమో నాకప్పుడు తెలిసింది.

"ఎవ్వరు కొట్టలే పెద్దమ్మా. ఆపరేషన్. పట్నం పోయి ముక్కు సక్కగ చేయించుకున్న. డాక్టరు మత్తిచ్చి, ఎముక ఇరగ్గొట్టి, మల్ల సక్కగ పెట్టిండు."

ఆమె శేఖర్‌ను చూసింది, రోకలిని చూసింది, నన్ను చూసింది.

"అంటే దవాఖానకు పోయి, అడిగి మరీ కొట్టిచ్చుకున్నవు."

"ఆ."

వెంట వచ్చినవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వు తన్నుకొచ్చింది, ముక్కు భగ్గుమంది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. పట్టీని దగ్గరగా చూసి, "గంత బాధ ఉండెనా నీకు? మరి అందర్ని నవ్విస్తుంటివి గద" అంది. ఈసారి నేనే, ముక్కు తగలకుండా, ఆమె భుజానికి ఆనుకున్నాను.

పట్టీ తీసేదాకా ఆమె మా ఇంట్లోనే ఉండి నా దిండ్లకు కాపలా కాసింది. శేఖర్‌కు రోజూ రెండు ఆమ్లెట్లు వేసి పెట్టింది. అదే ఆమె క్షమాపణ.

మొన్న వానల్లో నేను నిజంగానే బాత్రూంలో సబ్బు తొక్కి జారిపడ్డాను. చెయ్యి బెణికింది. శేఖర్ నన్ను లేపలేదు. ముందు బయటికి ఉరికి, "యాదమ్మక్కా, జర వచ్చి సబ్బు చూసిపో" అని కేకేశాడు. ఆమె వచ్చి, సబ్బునూ నన్నూ పరీక్షగా చూసి, సరేనన్నాకే లేపాడు.

కాబట్టి చదివే మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. బొందిలో ప్రాణం ఉండగా, సాక్షి లేకుండా ఎక్కడా జారిపడను.