వుబ్బో గారి చల్లార్పు

వుబ్బో గారికి ఏదీ గబుక్కున చల్లబడకూడదు. కాఫీ అయినా, కోపమైనా మెట్టు మెట్టుగానే దిగాలి. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లుగా పరికరాలు చూసుకుంటున్న ఈ మనిషి, బఠానీ సూపు గిన్నెకి మఫ్లరు చుట్టి, థర్మామీటరు పెట్టి మరీ తాగుతాడు. ఆయన భార్య లీస్‌బెత్ అప్పట్లో "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అని అడిగితే, పదకొండు నెలలు చల్లార్చి "సరే" అన్నాడట. అప్పటికే ఆవిడ కొత్తింటికి కర్టెన్లు కూడా కుట్టించేసింది.

పరిశోధన విద్యార్థిని యోరికెకి ఆయనతో రోజూ పేచీయే. ఆమె పనంతా చిన్న చిన్న అణువులతో. వాటిని వేడి చేసి వదిలేస్తే, చల్లారేటప్పుడు జిగురు లేకుండానే ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పోగులవుతాయి. ఎంత నెమ్మదిగా చల్లారితే అంత పొడుగు. యోరికెకేమో నెమ్మది అన్న మాటే గిట్టదు. ఎర్రదీపం దగ్గర సైకిలు ఆపినా కాళ్లు గాల్లో తొక్కుతూనే ఉంటాయి.

పరీక్షకులు కబురు పెట్టారు: శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా, ఆమె ఒకసారి ఎలాగో చేసి థీసిస్‌లో పెట్టిన ఆ పొడుగు పోగుల్ని మళ్లీ చేసి ఫోటో పంపాలి, లేదా డాక్టరేటు వచ్చే ఏటికి వాయిదా. యోరికె మూడు రోజులు కన్ను మూయకుండా పదిహేడు సీసాలు వేడి చేసింది, ఐసులో ముంచింది. పదిహేడింట్లోనూ పొట్టి ముక్కలే.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పద్దెనిమిదోది ముంచబోతుంటే వుబ్బో లాక్కున్నాడు.

"ఇవ్వండి! టైము లేదు!"

"ఐసులో పడేస్తే నువ్వైనా ముడుచుకుపోతావు. నూనె తొట్టిలో పెడతాను, దానంతటది చల్లారుతుంది."

"ఎంతసేపు?"

"ఆరు గంటలు. నువ్విక్కడే కుర్చీలో కాపలా ఉండాలి. లేచావో, నీ డాక్టరేటు నీ ఇష్టం."

"ఆరు గంటలా! మీరు మనిషా, మంచుగడ్డా?"

"మంచుగడ్డనైతే నీ నోటికి ఎప్పుడో కరిగిపోయేవాణ్ణి. కూర్చో."

పంతం కొద్దీ కూర్చుంది. పది నిమిషాలు కూర్చుంది. తర్వాత ఏమైందో ఆమెకి తెలీదు.

రెండింటికి వుబ్బో భుజం తట్టి లేపాడు. సూక్ష్మదర్శినిలో పోగులు! అవతలి కొస ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉందేమో అన్నంత పొడుగు. మూడున్నరకి ఫోటోలు వెళ్లాయి. నాలుగింటికి "అంగీకరించాం" అని జవాబొచ్చింది.

గంతులేసి, కాస్త ఊపిరి తీసుకున్నాక యోరికె తొట్టి తెరమీద, వేడి ఎలా తగ్గిందో చూపించే గీత చూసింది.

"ఇదేంటి, యాభై నిమిషాలకే చల్లారిపోయిందిగా! మిగతా ఐదు గంటలూ దేనికి?"

"అణువులకి యాభై నిమిషాలు చాలు. మూడు రోజులు నిద్రపోనిదానికి చాలదు," అన్నాడు వుబ్బో, తొట్టి తుడుస్తూ. "ప్రొఫెసరు నాలుగుసార్లు తలుపు కొట్టాడు. లోపల చల్లారుతోంది, వెళ్లవయ్యా అని పంపేశాను."

యోరికె, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"కాకపోతే నీ గురకకి తొట్టి అదిరి పోగులెక్కడ తెగుతాయోనని హడలి చచ్చాననుకో!"